పదమూడో దినుసు

సోమవారం తెల్లవారుజామున అఖ్తర్ బేగం నాలుగున్నరకే లేచింది. నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, వంకాయ కూర డబ్బాలో సర్ది మూత బిగించాక గాని ఆయన ఇవాళ కూడా పోడన్న సంగతి గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ల అలవాటు మరి, మనసు మరిచినా చేతులు మరుస్తాయా? సోమవారం ఐదుంబావు బస్సుకు నారాయణఖేడ్ డిపోలో ఎక్కి హైదరాబాద్ పోవడం, శనివారం పొద్దుగూకాక ఖాళీ డబ్బాతో దిగడం, ఇదీ ఆమె భర్త షఫీయుద్దీన్ నడక. అలాంటి మనిషి మూడు వారాలుగా ఇల్లు కదలడం లేదు.

"అజీ, ఇయ్యాల గూడ పోతలేరా?"

షఫీయుద్దీన్ వాకిట్లో మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. ఆ గోడ మీద చూడడానికి ఏమీ లేదు.

"ఛుట్టీ అని చెప్పిన కదా."

"ఎన్నొద్దుల ఛుట్టీ?"

"చూద్దాం."

"ఎవరు చూస్తరు? మీరా, మీ కంపెనీయా?"

అఖ్తర్ డబ్బా విప్పి, అందులోవి రెండు రొట్టెలు పళ్లెంలో పెట్టి ఆయన ముందుంచింది. ఇంట్లో కూర్చున్న మనిషికి టిఫిన్ డబ్బా అన్నం పెట్టడమేమిటో ఆమెకే వింతగా ఉంది.

ఆ ఇంట్లో మాట దక్ఖనీ ఉర్దూలో మొదలై సగం దారిలో తెలుగులోకి దిగుతుంది. కూతురు తమన్నా తెలుగు బడిలో చదివి, ఇప్పుడు ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో తెలుగులోనే పాఠాలు చెబుతోంది గనుక ఆమె ఉన్నప్పుడు పూర్తిగా తెలుగే, తల్లిని అమ్మీ, తండ్రిని అబ్బా అనడం తప్ప. తమన్నాకు నిఖా ఖాయమైంది. పిల్లవాడు అనీస్, నాగల్‌గిద్ద దగ్గర కంది చేలున్న కుటుంబం, ఎంసీఏ చదివాడు. సంబంధం కలిసినప్పుడు పిల్లవాడికి పని లేదు. షఫీయుద్దీనే తన కంపెనీలో అడిగి, ఇరవై ఏళ్లలో మొదటిసారి ఒకరి కోసం నోరు తెరిచి, అతన్ని పెట్టించాడు. ఆర్నెల్లు చూసి పక్కా చేస్తామన్నారు. అది పక్కా అయ్యాకే నిఖా, బక్రీద్ దాటాక, అక్టోబర్ చివర్లో. 2013వ సంవత్సరం ఆగస్టు నెలలో ఆ ఇంటి లెక్క అంతా అదే.

పది గంటలకు ఫోన్ మోగింది. రోజూ మోగేది అప్పుడే. షఫీయుద్దీన్ పేరు చూసి, లేచి, మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాడు.

ఇదే అఖ్తర్‌కు అంతుపట్టని విషయం. ఫోన్ చేసేది అనీస్. అల్లుడు కాబోయేవాడు రోజూ గంట సేపు మాట్లాడుతుంటే మామ మొహం వెలిగిపోవాలా వద్దా? ఈయనేమో దిగి వచ్చేసరికి మొహం మాడ్చుకుని ఉంటాడు. అల్లుడు పరాయి దేశం వాడు అయినట్టు ముక్తసరిగా రెండు మాటలు, మళ్లీ గోడ. ఇదేం చోద్యమో అనుకుంటూ ఆమె ఆ రోజు చాయ్ పట్టుకుని పైకెక్కింది.

ఆయన ఫోన్‌లో నెమ్మదిగా చెబుతున్నాడు. "ఇరవై రెండోది రాసుకున్నవా? మంచిగ. ఇగ ఇరవై మూడోది, నెల ఆఖరు తారీకు నాడు అందరు పోయినంక నెల లెక్క మూసెయ్యాలె. ఆఁ, అంతే... ఏది? ప్రోగ్రాంల పదమూడు నంబరా?" కాసేపు ఆగాడు. "అది ఏం లేదు బేటా. పాతది. వదిలెయ్."

ఫోన్ పెట్టేసి వెనక్కు తిరిగితే అఖ్తర్ నిలబడి ఉంది.

"ఏం నేర్పుతుండ్రు అనీస్‌కు?"

"నాకొచ్చింది."

"మంచిదే కదా. మరి గట్ల ఎందుకున్నరు?"

షఫీయుద్దీన్ చాయ్ అందుకుని పిట్టగోడ మీద పెట్టాడు. తాగలేదు.

"నేర్పుడు అయిపోయిన నాడు నా పని గూడ అయిపోతది అఖ్తర్."

ఆమెకు ముందు అర్థం కాలేదు. ఆయన చెప్పుకొచ్చాడు. మందుల గోదాముల కోసం ఆయన ఇరవై ఏళ్ల కింద రాసిన ప్రోగ్రాం ఒకటుంది. ఏ మందు ఏ అరలో ఉంది, ఏది ఎప్పటికి పాడవుతుంది, ఏది ముందు బయటికి పోవాలి, అన్నీ అదే చూస్తుంది. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. ఇన్నాళ్లూ అదే కంపెనీకి అన్నం పెట్టింది. ఇప్పుడు కొత్త మేనేజర్ వచ్చాడు, ముప్ఫై నిండలేదు. సార్, మీది పాతబడింది, కొత్తది రాస్తున్నం, మీ తలకాయలో ఉన్నదంతా అనీస్‌కు చెప్పండి, దానికి మీరు ఆఫీసుకు రావాల్సిన పని గూడ లేదు, ఇంట్ల కూసొని ఫోన్‌ల చెప్పండి, దసరాకల్లా అయిపోవాలె, ఆ తర్వాత రెస్ట్ తీసుకోండి, అన్నాడు.

"రెస్ట్ అంటే?"

"రెస్ట్ అంటే గంతే."

"మరి మీరు గూడ ఆ కొత్తదే నేర్చుకోవచ్చు కదా!"

"పోయిన కదా క్లాసుకు. ఎనిమిది దినాలు. పోరగాళ్ల నడుమ ఆఖరి బెంచీల కూసున్న. ఒక్కటే అడిగిన. ఇందుల ఫైలు ఏడ ఉంటది అని. అందరు సప్పుడు చెయ్యలే. ఆ పంతులమ్మ, ఎక్కడో ఉంటది సార్, మీకెందుకు, అన్నది." షఫీయుద్దీన్ నవ్వబోయాడు, రాలేదు. "నా ప్రోగ్రాంల ఏ ఫైలు ఏడుందో నిద్రల లేపి అడిగినా చెప్తనే. నాకెందుకు అంటే, మరి ఎవరికి కావాలె?"

అఖ్తర్‌కు ఫైళ్ల సంగతి తెలియదు. మొగుడి గొంతు ఎప్పుడు వణుకుతుందో మాత్రం తెలుసు. ముందూ వెనకా చూడకుండా అనేసింది.

"ఐతే అన్నీ చెప్పకుండ్రి! మామయ్య చెప్పిండా ఎవరికన్న? పన్నెండు చెప్పి పదమూడోది నోట్లనే పెట్టుకుండె. గందుకే ఆయన కాళ్లకాడికి బీదర్ నుంచి గూడ వచ్చిండ్రు. మీ కంపెనోళ్లు గూడ రావాలె, షఫీ సాబ్ మీరు లేకుంటే నడవదని బతిమాలాలె!"

తను దాచిందేదో ఆమె చూసేసినట్టు షఫీయుద్దీన్ ఆమె వైపు అదోలా చూశాడు. కింద అత్తగారు పిలవడంతో అఖ్తర్ గబగబా దిగిపోయింది. పొయ్యి మీద పాలు, పెరట్లో బట్టలు, అన్న మాట ఆ పూటే మరిచిపోయింది.

మామయ్య అంటే షఫీయుద్దీన్ తండ్రి, హకీం హఫీజ్ సాబ్. నారాయణఖేడ్ బజారులో యునానీ దవాఖానా నడిపినవాడు. ఆయన ఇచ్చే కడుపునొప్పి పొడికి పెద్ద పేరు. సోంపు, వాము, శొంఠి, కరక్కాయ, ఇట్లా పన్నెండు దినుసులు అందరి ముందే దంచేవాడు. ఎవరైనా అడిగితే పేర్లు కూడా చెప్పేవాడు. పదమూడోది మాత్రం తలుపేసుకుని కలిపేవాడు. హకీముల ఇళ్లలో అది ఆనవాయితీ, శిష్యుడికైనా కొడుకుకైనా ఒకటి దాచుకుని చెప్పడం. షఫీయుద్దీన్ పడుచువాడుగా ఉన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని రెండేళ్లు రోట్లో దంచాడు. పదమూడోది చెప్పమని ఎన్నిసార్లు అడిగినా ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరికి అలిగి హైదరాబాద్ పోయి కంప్యూటర్ నేర్చుకున్నాడు. హకీం సాబ్ చెప్పకుండానే పోయాడు, దవాఖానా మూతపడింది. పాతికేళ్లయినా షఫీయుద్దీన్‌కు ఆ కోపం తీరలేదు. తండ్రి మాటొస్తే "పన్నెండిచ్చిండు" అనేవాడు, అంతే.

ఆగస్టు గడిచింది. ఫోన్లు తగ్గాయి. సెప్టెంబర్ మొదటి వారంలో ఒక గురువారం అఖ్తర్ బస్టాండు దగ్గర జగదీశ్వర్ మెడికల్ షాపుకు వెళ్లి అత్తగారి బీపీ గోలీలు తెచ్చింది. ఆ రోజు ముసురు. తమన్నా బడి నుంచి తడిసి వచ్చి, తల తుడుచుకుంటూనే దాదీకి గోలీ ఇద్దామని పట్టీ చేతిలోకి తీసుకుంది. దాదీ అంటే మెహ్‌జబీన్, హకీం సాబ్ భార్య, ఎనభై దాటిన మనిషి. ఆమె మందుల సంగతి చూసేది మనవరాలే.

"అమ్మీ, ఇదేడ తెచ్చినవ్?"

"జగదీశ్వర్ దగ్గర. ఎప్పుడు తెచ్చే కాడనే."

"తారీకు చూసినవా? జూన్‌లనే అయిపోయింది ఇది."

అఖ్తర్ కళ్లద్దాలు వెతుక్కుంది. అద్దాలు పెట్టుకున్నా ఆ అక్షరాలు కనబడలేదు. ఇద్దరూ గొడుగు వేసుకుని మళ్లీ షాపుకు పోయారు. జగదీశ్వర్ పట్టీ చూసి, లోపలికి పోయి, అట్టపెట్టె బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్కటే దీపం కింద తిప్పి చూశాడు. చూస్తున్న కొద్దీ అతని మొహం నల్లబడింది.

"సగానికి సగం అయిపోయినవే చాచీ! నిన్ననే వచ్చిన సరుకు. ఇరవై ఏండ్ల నుంచి అదే గోదాం నుంచి తెస్తున్న, ఎన్నడు గిట్ల కాలే." చేతులు జోడించాడు. "తమన్నమ్మా, నువ్వు చూడకుంటే నేను ఊరంత పంచుదును. నిన్ననే రెండు పట్టీలు అమ్మిన. ఉండు, వాళ్ల ఇండ్లకు పోయి తెచ్చుకుంట."

షట్టర్ సగం దించి అతను వానలోనే పరుగెత్తాడు.

ఇంటికి వచ్చేసరికి తమన్నా ఫోన్ మోగింది. అనీస్. ఆమె వంటింట్లోకి పోయి మాట్లాడింది. అఖ్తర్ గుమ్మం దగ్గర నిలబడి వింది. నిఖాకు ముందు ఇంతింత సేపు ముచ్చట్లేమిటని ఇంకో రోజైతే కసిరి ఉండేది. ఈ రోజు కూతురు మాట్లాడడం లేదు, వింటోంది. విని విని గోడకు జారగిలబడింది.

"ఏమైంది బేటీ? చెప్పవే!"

"గోదాం నుంచి పాడైన మందులు బయటికి పోయినయంట అమ్మీ. సంగారెడ్డి, జహీరాబాద్, అన్ని దిక్కులకెళ్లి ఫోన్లు వస్తున్నయంట. నెల లెక్క మూసింది అనీస్. తప్పు నీదే అన్నరంట. సోమారం దాంక టైమిచ్చిండ్రు, ఏం తప్పయిందో దొరకవట్టాలె, లేకుంటే ఇగ రావద్దన్నరంట."

"అల్లా! వాడేం చేసిండు?"

"అబ్బా చెప్పిన ఇరవై మూడు పనులు చెప్పినట్టే చేసిండంట. రాసుకున్నడు. ఒక్కటి గూడ తప్పలేదంట." తమన్నా కళ్లు తుడుచుకుంది. "ఒక్కటే అనుమానం అంటుండు. ప్రోగ్రాంల పదమూడు అని ఒక నంబర్ ఉన్నదంట. అదేందని అడిగితే అబ్బా, ఏం లేదు, వదిలెయ్ అన్నడంట."

పదమూడు. ఆ మాట చెవిన పడగానే అఖ్తర్ చేతిలోని గొడుగు జారిపోయింది. డాబా, పిట్టగోడ మీద చాయ్, తను ఆ రోజు అన్న మాట అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి. కంప్యూటర్‌లో పదమూడుకూ మామయ్య పొడిలో పదమూడుకూ సంబంధం ఏమిటో ఆమెకు తెలియలేదు. కానీ తను ఏదో చేసిందని మాత్రం తెలిసిపోయింది.

షఫీయుద్దీన్ వసారాలో కుర్చీలో ఉన్నాడు. తమన్నా వెళ్లి గోలీల పట్టీ ఆయన ఒళ్లో పడేసింది.

"అబ్బా, పదమూడు ఏంది?"

ఆయన పట్టీ తీసి చూశాడు. తారీకు చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇది... ఇదేడికెళ్లి వచ్చింది?"

"మీ గోదాం నుంచే. దాదీ కోసం. నేను చూడకుంటే ఇప్పటికి మింగుతుండె. పదమూడు ఏంది చెప్పు!"

"నువ్వు లోపలికి పో."

"పోను! అనీస్ పని పోతుందబ్బా. పని పోతే వాళ్లింట్ల నిఖా ఆపుతరు. అది పోనీ, నాకు నొప్పైతది, ఓర్చుకుంట. గీ గోలీలు ఎవరన్న మింగి ఏమన్నయితే? దాన్ని ఎవరు ఓర్చుకోవాలె?"

షఫీయుద్దీన్ లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"షాపులోళ్లు తారీకు అయిపోయినవి గోదాంకు వాపస్ పంపుతరు. నేను ప్రోగ్రాం రాసిన నాడు వాపస్ వచ్చేటివాటికి జాగ పెట్టలే. తర్వాత పదమూడు నంబర్ పెట్టిన. నెల మూసే ముందు వాపస్ వచ్చినయన్నిటికి నేను చేతితోని పదమూడు కొట్టాలె. కొడితే అవి బయటికి పోవు. కొట్టకుంటే..."

"కొట్టకుంటే మంచి సరుకుల కలుస్తయి."

"లెక్క కుదరదనుకున్న బేటా! కుదరకుంటే పరేషాన్ అయి నాకు ఫోన్ చేస్తరు, గంతే అనుకున్న. సరుకు బయటికి పోతదని అనుకోలే." ఆయన పట్టీ మీది తారీకును వేలితో తడిమాడు. "ముందు పాడయ్యేది ముందు పోవాలె అని నేనే రాసిన దాంట్ల. ఇవి అన్నిటికన్న ముందు పాడైనయి. గందుకే అన్నిటికన్న ముందు ఇవే పోయినయి. నేను రాసిందే. నేనే మరిచిన."

అఖ్తర్ ముందుకొచ్చింది.

"ఆయన్నేం అనకు. నేనే చెప్పమన్న... కాదు, చెప్పొద్దన్న. నాకేం తెల్సు గిట్లయితదని? నాకు కంప్యూటర్ తెల్వదు, మందు తెల్వదు, నా మొగని మొహం చూడలేక అన్న!"

"అమ్మీ, నువ్వు ఏమన్నవ్?" తమన్నాకు అయోమయంగా ఉంది. "మీరిద్దరు కలిసి నా నిఖా..."

"నిఖా సంగతి కాదే! మీ అబ్బా సంగతి!"

"అబ్బా పదమూడు దాచుకుంటే నా సంగతి ఎట్ల కాదు?"

"ఇగ చాలు!" షఫీయుద్దీన్ అరిచాడు. ఆ ఇంట్లో ఆయన అరవడం తమన్నా పుట్టాక ఇదే మొదలు. "నాకేమిచ్చిండ్రు? ఇరవై ఏండ్లు ఇచ్చిన కంపెనీకి, రెస్ట్ తీసుకో అన్నరు. నా అబ్బా నాకేమిచ్చిండు? పన్నెండు! సొంత కొడుకుకే పన్నెండిచ్చిండు ఆయన. నేను పరాయోనికి అన్నీ ఎందుకియ్యాలె? ఒక్కటి ఉంచుకుంటే తప్పయిందా నాది?"

"ఏమన్నవ్ షఫీ?"

లోపలి గది గుమ్మంలో మెహ్‌జబీన్ నిలబడి ఉంది, తలుపు రెక్క పట్టుకుని. ఎవరూ ఆమెను లేపలేదు. తమన్నా పరుగున పోయి చేయి పట్టుకుంది. ముసలమ్మ వచ్చి మంచం మీద కూర్చుని ఊపిరి తీసుకుంది.

"పదమూడోది చెప్పలేదని పాతికేండ్ల సంది నీ తండ్రిని తిట్టుకుంటనే ఉన్నవ్. నాకు తెల్సు. నేను నోరు తెరవలే, ఆయన ఒట్టేయించుకుండు. ఇగ నాకు ఒట్టు వద్దు, ఏం వద్దు."

"అమ్మీజాన్..."

"ఆయనకు తెల్వదు బేటా."

షఫీయుద్దీన్‌కు అర్థం కాలేదు. "ఏం తెల్వదు?"

"పదమూడోది ఏందో ఆయనకే తెల్వదు. అది మొగులప్ప తెచ్చేది. కర్ణాటక దిక్కు అడివిల తిరిగేటోడు, యాదికుందా, నెత్తికి ఎర్ర రుమాలు? ఏదో వేరు. ఎండవెట్టి, ముక్కలు చేసి సంచిల తెచ్చేది. ఏ చెట్టుదో మొగులప్ప చెప్పలే. చెప్తే వాని దగ్గర ఎవరు కొంటరు? మీ అబ్బా గూడ అడగలే. నువ్వు ఎనిమిదో తొమ్మిదో చదువుతున్నప్పుడు మొగులప్ప పోయిండు. ఆ ఉన్న సంచి రెండేండ్లొచ్చింది. తర్వాత లేదు."

"మరి... నేను రోట్ల దంచిన రెండేండ్లు?"

"పన్నెండే."

"తలుపేసుకునేది కదా!"

"తలుపేసుకొని ఊకనే కూసుండేది," అంది మెహ్‌జబీన్. కొంగుతో కళ్లొత్తుకుంది. "ఏం కలుపక బయటికొచ్చి పొట్లాలు కట్టేది. జనానికి గుణం తెల్సిపోయింది, దవాఖానకు వచ్చుడు తగ్గింది. నువ్వు అడిగినప్పుడల్ల ఆయన పానం పోయేది. కొడుకుకు చెప్పనీకె నా దగ్గర ఏం లేదు అని ఎట్ల చెప్పాలె? దాచిపెట్టిండంటే మర్యాద ఉంటది, లేదంటే ఏముంటది? పోయే ముందు నాతోని ఒక్క మాటన్నడు. మొగులప్ప బతికున్నప్పుడే ఆ వేరును పట్టుకొని నలుగురు హకీములకు చూపిస్తే, ఎవడో ఒకడు ఆ చెట్టేందో చెప్తుండె, మందు బతుకుతుండె, నా దగ్గర్నే ఉండాలనుకొని నేనే చంపిన, అన్నడు."

షఫీయుద్దీన్ తల్లి ముందు నేల మీద కూలబడ్డాడు. యాభై మూడేళ్ల మనిషి, కూతురి ముందు, భార్య ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. దేనికి ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు. పాతికేళ్లు మోసిన కోపం ఉన్నట్టుండి చేతిలోంచి పోయింది, దాని జాగాలో ఏం పెట్టుకోవాలో తోచలేదు. తలుపేసుకుని ఒక్కడే కూర్చున్న తండ్రి కనబడుతున్నాడు. ఆ తలుపు అవతల రోలు ముందు కూర్చుని మనసులో తిట్టుకున్న తనూ కనబడుతున్నాడు.

"నాకన్న చెప్తే ఏమైతుండె అమ్మీజాన్? నేను నవ్వుదునా?"

"నువ్వు అనీస్‌కు చెప్పినవా, పని పోతుందని భయమైతుందని? వాడు నవ్వుతడా?"

షఫీయుద్దీన్ లేచి పెరట్లోకి పోయాడు. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చాడు.

"బేటా, అనీస్‌కు ఫోన్ కలుపు."

ఈసారి డాబా ఎక్కలేదు. అందరి ముందే మాట్లాడాడు. "అనీస్, మాటలు తర్వాత. ముందు గోదాంకు ఫోన్ చేసి బండ్లన్ని ఆపమను. వాపస్ వచ్చిన సరుకు చిట్టా తీయి. ఒక్కొక్కదానికి పదమూడు కొట్టు. ఆఁ, పదమూడు. నువ్వు అడిగినవ్, నేను ఏం లేదన్న. అబద్ధం చెప్పిన. అది కొట్టినంక ఏ షాపుకు ఎన్ని పోయినయో కాయితం తీయి, అన్నిటికి ఫోన్ చెయ్యాలె. సగం నాకు పంపు, నేను ఈడికెళ్లి చేస్త."

రెండు గంటలు పట్టింది. తమన్నా తెల్ల కాగితం మీద షాపుల పేర్లు రాసి ఒక్కొక్కటే కొట్టేసింది. జగదీశ్వర్ వచ్చి, అమ్మిన రెండు పట్టీలూ దొరికాయనీ, ఒకరు ఒక గోలీ మింగారనీ, డాక్టర్ చూసి భయం లేదన్నాడనీ చెప్పి పోయాడు. అన్ని షాపుల సరుకూ ఆగిందని తెలిశాక షఫీయుద్దీన్ మేనేజర్‌కు ఫోన్ చేశాడు. తప్పు అనీస్‌ది కాదు, తెలిసి ఒకటి చెప్పకుండా దాచింది నేను, అన్నాడు.

"ఏమన్నడు?" అడిగింది అఖ్తర్.

"దసరా దాంక అక్కర్లేదన్నడు. రేపటి నుంచే రావద్దన్నడు." షఫీయుద్దీన్ ఫోన్ పక్కన పెట్టాడు. "అనీస్‌ను ఉంచుతరంట."

ఏడవాలో సంతోషపడాలో అఖ్తర్‌కు తెలియలేదు. రెండూ చేసింది.

ఆదివారం పొద్దున బస్సుకు అనీస్ వచ్చాడు. సన్నటి పిల్లవాడు, భుజానికి లాప్‌టాప్ సంచి. సలాం చెప్పి గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు. షఫీయుద్దీనే ఎదురు వెళ్లాడు. ముందే అనుకున్న మాటలేవో ఉన్నాయి, ఒక్కటీ రాలేదు.

"నేనే నిన్ను పెట్టిస్తిని. నేనే నిన్ను వెళ్లగొట్టబోతిని. నాకు సిగ్గయితుంది బేటా."

"మీ పనే నాకిస్తున్నరని నాకు గూడ తెల్సు మామూ. రోజు ఫోన్ చేసుడు నాకు మస్తు బాధయ్యేది. ఏం మాట్లాడాల్నో తెల్వక పనే అడిగేది." అనీస్ తల వంచుకున్నాడు. "నేనే ముందు చెప్పాల్సి ఉండె."

వసారాలో చాప పరిచారు. అనీస్ తెర తెరిచి ఇరవై మూడు పనుల చిట్టా చూపించాడు. షఫీయుద్దీన్ ఒక్కొక్కటే మళ్లీ చెప్పాడు. ఎందుకు పెట్టాడో, ఎక్కడ తప్పు రాశాడో, ఏ ఏడాది ఏ గోదాం మనిషి అడిగితే మార్చాడో, కాగితం మీద లేనివన్నీ చెప్పాడు. మధ్యాహ్నానికి ఇరవై మూడు కాస్తా నలభై ఒకటయ్యాయి. తమన్నా పరదా వెనక నుంచి చాయ్ అందించి, అక్కడే నిలబడి వింది. అఖ్తర్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

అంతా అయ్యాక షఫీయుద్దీన్ కొత్త ప్రోగ్రాం చూపించమన్నాడు. రంగురంగుల బొమ్మలు, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో తెలియడం లేదు. కాసేపు చూసి, బిడియంగా అడిగాడు.

"అనీస్, ఇందుల ఫైలు ఏడ ఉంటది?"

అనీస్ నవ్వలేదు. తెర వైపు చూశాడు, తల గోక్కున్నాడు.

"నిజం చెప్పాల్నా మామూ? నాకు గూడ పూరా తెల్వదు. ఎవరు అడగలే, నేను చూడలే. ఆగుండ్రి, ఇద్దరం కలిసి చూద్దాం."

ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని వెతకడం మొదలుపెట్టారు. రేపు సోమవారం. ఐదుంబావు బస్సు ఉంది, ఆయన ఎక్కాల్సిన పని మాత్రం లేదు. వచ్చే నెల ఇల్లెలా నడుస్తుందో అఖ్తర్‌కు తెలియదు, ఆయనకూ తెలియదు. అడిగితే ఈసారి కూడా "చూద్దాం" అనే అంటాడు. కానీ ఇన్నాళ్లుగా గోడను చూసిన కళ్లు ఇప్పుడు దేన్నో వెతుకుతున్నాయి, అది చాలనిపించింది ఆమెకు.

లోపలి నుంచి మెహ్‌జబీన్ పిలిచింది.

"షఫీ, చెప్పినవా?"

"చెప్పిన అమ్మీజాన్."

"అన్నీ?"

"అన్నీ."

"పదమూడోది?"

షఫీయుద్దీన్ తెర మీంచి తల ఎత్తాడు.

"అదే మొదలు చెప్పిన."

వంటింట్లో అఖ్తర్ బేగం రొట్టె పిండిలో చేతులు పెట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, అలాగే ఏడుస్తూ రొట్టె కొట్టింది.